తెరమీద కనిపిస్తే చూసినట్టేనా?

అమ్మాయి పొట్టమీద జెల్ పూసి స్కానింగ్ ప్రోబ్ ఆనించగానే తెరమీద నల్లని గుండ్రాలు తేలతాయి. అండాశయంలో నీటి బుడగలున్నాయని డాక్టరు అనగానే, పక్కన నిలబడ్డ తల్లికి కూడా అది కళ్లారా చూసిన నిజమైపోతుంది.

నిజంగా చూసినట్టేనా? తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం ప్రమాణాలు నాలుగంటుంది: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. ఇంద్రియం వస్తువును అందుకుంటే ప్రత్యక్షం. కొండమీద పొగ చూసి నిప్పుందని తేల్చుకుంటే అనుమానం.

స్కానింగ్ యంత్రం పని రెండో కోవలోదే. ప్రోబ్ పంపిన ధ్వని తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి అది లోతు లెక్కగడుతుంది. మెత్తని కణజాలంలో ధ్వని వేగం సెకనుకు 1540 మీటర్లని ముందే అనుకుంటుంది. ఆ నలుపు బుడగ రంగు కాదు, ద్రవం నుంచి ప్రతిధ్వని రాలేదన్న గుర్తు.

అనుమానమని తీసిపారేయడానికీ లేదు. గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ బృందం, లోహాల్లో పగుళ్లు పట్టే పరికరంతో మొదలుపెట్టి ఈ పద్ధతికి దారి వేసింది. ముదిరిన క్యాన్సరని తోటి డాక్టర్లు ఆశ వదులుకున్న ఒకామె పొట్టలో ఉన్నది పెద్ద తిత్తి అని ఆ ప్రతిధ్వనులే చెప్పాయి. ఆపరేషన్ చేసి అండాశయపు తిత్తిని తీసేశారు. ఆమె బతికింది. 1958లో లాన్సెట్ పత్రికలో వాళ్ల వ్యాసం వచ్చింది.

అయితే పొగకూ నిప్పుకూ ఉన్నంత గట్టి లంకె, మొదట తెరమీద చూసిన ఆ బుడగలకూ, వాటిని చూసి ఉందనుకునే పీసీఓఎస్ (పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్) అనే సమస్యకూ లేదు. అసలవి తిత్తులే కావు, పూర్తిగా ఎదగని ఫాలికిల్స్, అంటే అండం పెరిగే చిన్న సంచులు. ఏ జబ్బూ లేనివాళ్లలోనూ, అందులోనూ చిన్న వయసులో, కనిపిస్తాయి. అందుకే 2003 నాటి రాటర్‌డ్యామ్ ప్రమాణాలు మూడింటిలో రెండైనా ఉండాలన్నాయి: నెలసరి గతి తప్పడం, పురుష హార్మోన్లు పెరగడం, స్కానింగ్‌లో బుడగలు.

వీటిలో మొదటిది చెప్పాల్సింది స్కానింగ్ చేయించుకున్న ఆ అమ్మాయే. ఉన్నది ఉన్నట్టు చెప్పేవారే ఆప్తులని, వారి మాటే శబ్దప్రమాణమని తర్కసంగ్రహం నిర్వచనం. తన నెలసరి సంగతిలో ఆమెకన్నా ఆప్తులెవరు? మొదటి రెండు లక్షణాలూ ఉంటే పీసీఓఎస్ అనడానికి స్కానింగ్ అక్కర్లేదని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. కౌమారంలో ఉన్న ఆడపిల్లల విషయంలో స్కానింగ్‌ను ఆధారంగా తీసుకోవద్దంటున్నాయి. అలాగని ఆప్తవాక్యంతోనే పని పూర్తి కాదు. థైరాయిడ్, ప్రొలాక్టిన్ తేడాలవల్లా నెలసరి తప్పుతుంది కాబట్టి, ముందు రక్తపరీక్ష చేసి వాటి సంగతి తేల్చుకోవాలి.