త్రిలింగ దేశము – సంకల్ప ధర్మము

పూజకు కూర్చున్న గృహస్థు ఆచమనము చేసి సంకల్పము చెప్పుకొనును. అందు తన గోత్రనామములకు ముందే తానున్న దేశమును స్మరించును. భరతఖండము, శ్రీశైలమునకు తానున్న దిక్కు, సమీపమున ప్రవహించు నదులు చెప్పిన పిమ్మటనే తన పేరు వచ్చును.

తెలుగునాటికి త్రిలింగదేశమని ప్రసిద్ధి. ప్రాణహిత గోదావరిలో కలియుచోట కాళేశ్వరము, కృష్ణాతీరమున నల్లమల కొండలపై శ్రీశైలము, గోదావరి డెల్టాలో ద్రాక్షారామము దీనికి ఎల్లలని పెద్దలు చెప్పుదురు. 2014లో రాష్ట్రము రెండు కాగా కాళేశ్వరము తెలంగాణమునందును, తక్కిన రెండు క్షేత్రములు ఆంధ్రప్రదేశమునందును నిలిచినవి. సంకల్పము మాత్రము మారలేదు. నాసిక్ చేరువ త్ర్యంబకమున పుట్టిన గోదావరి సుమారు 1,465 కిలోమీటర్లు ప్రవహించి, ఎవరిని ఏ ఊరివారని అడుగక, అందరి పొలములను తడిపి సముద్రమున కలియుచున్నది.

ఉదయము ఆ నదిని స్మరించిన భక్తుడే సాయంకాలము నిర్మాల్యమును ప్లాస్టిక్ సంచితో సహా ఆ నీటనే విడుచుచున్నాడు. అట్టి సంకల్పము ఫలించుటెట్లు? తాను పేరు పెట్టి తలచిన నదికి అపచారము చేసి, ఈశ్వరుని వరము కోరుట తగదు. దేశమును ముందు చెప్పి తన పేరు వెనుక చెప్పుకొనుటలోని మర్మమిదియే: కోరికకు ముందు ఋణము గుర్తుకు రావలెను.