అతుకుల బండి

వాడుకలో వున్నంత కాలం వస్తువు ముఖం ఎవరూ చూడరు. వాడుక తప్పే రోజులు దాపురించినప్పుడు దానికి భక్తులు పుట్టుకొస్తారు. ఈ మధ్య మన విద్యార్థుల్లోనూ, కొందరు యువ ఉపాధ్యాయుల్లోనూ అట్లాంటి భక్తి ఒకటి కనబడుతున్నది. పాతబడిన మామూలు కార్లను వెతుక్కుంటూ తిరగడం, కనబడిన ప్రతిదానినీ ఫోటో తీసి దాచుకోవడం. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, మారుతీ 800 - నిన్నమొన్నటి దాకా ఎవరూ తలతిప్పి చూడని బండ్లు. శ్రీరాంపూర్ బొగ్గుబాయిల చుట్టూ ఈ వేటకు కొదవ లేదు. క్వార్టర్ల వెనుక, వేపచెట్ల కింద, మెకానిక్ షెడ్ల గోడల పక్కన, బొగ్గు దుమ్మూ వానకాలపు తడీ తినగా మిగిలినవి కొన్ని ఇంకా వున్నాయి. కొన్ని నడుస్తున్నాయి కూడా.

దీనిని చూసి నవ్వే మిత్రులున్నారు. లోకం మండిపోతుంటే తుప్పును పూజించడం ఏమిటని వాళ్ళ ఆక్షేపణ. పాతను తలుచుకుని నిట్టూర్చడం పడిపోతున్న వర్గాల లక్షణమని సూత్రం కూడా చదువుతారు. సూత్రాలు ఇంత సులువుగా పనిచేస్తే మనకు విమర్శ అవసరమే వుండేది కాదు.

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాము రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను తుడిచి, మెరుగుపెట్టి నిలబెట్టారు. ఉత్సవాలకు, ఊరేగింపులకు తప్ప బయటకు రాని బండి అది. దానికి కాపలా వుంది, చూడటానికి టిక్కెట్టు వుంది. మంచిర్యాల స్టేషను ముందు ఎండలో నిలబడి, ముప్ఫై ఏళ్ళు పెండ్లివారినీ రోగులనూ మోసిన టాక్సీకి మాత్రం ఏ చరిత్రకారుడూ ఒక వాక్యం ఖర్చుపెట్టలేదు. అట్లాంటి బండి ముందు ఒక కుర్రవాడు ఆగి, ఇది కూడా చూడదగినదే అనుకుంటే, ఆ చూపులో ప్రజాస్వామ్యం వున్నది. ఇంగ్లండులో 2014 నుండి ఇట్లాంటి మామూలు కార్లకే ప్రత్యేకంగా ఒక పండుగ జరుగుతున్నది. దానిని జరిపేది కార్ల బీమా వ్యాపారం చేసే హ్యాగర్టీ కంపెనీ. ముచ్చట ఎక్కడుంటే వ్యాపారం అక్కడికి చేరుతుంది, అది వేరే సంగతి.

నెంబరు పలకల సంగతే చూడండి. ఏపీ-1 అంటే ఆదిలాబాదు, ఏపీ-15 అంటే కరీంనగరు. 2014లో ఏపీ పోయి టీఎస్ వచ్చింది. 2016లో శ్రీరాంపూర్ ఆదిలాబాదు నుండి విడివడి మంచిర్యాల జిల్లాలో చేరింది. 2024లో టీఎస్ పోయి టీజీ వచ్చింది. ఇన్ని మారినా చెట్టు కింది కారు మీద ఆ పాత అక్షరాలు అట్లాగే వున్నాయి. మా విద్యార్థులు మొదట ఫోటో తీసేది వాటినే. ఆ తెలివికి మెచ్చుకోవాలి.

అయితే వాళ్ళు 'నిత్య జీవితపు కారు' అంటుంటే అడగవలసిన ప్రశ్న ఒకటున్నది. ఎవరి నిత్య జీవితం? అంబాసిడర్ బిర్లాల హిందుస్తాన్ మోటార్స్ సరుకు. ఇంగ్లీషువాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అచ్చు తెచ్చుకుని, 1950ల చివరి నుండి 2014 మే దాకా బెంగాలులోని ఉత్తరపరాలో పెద్దగా మార్పు లేకుండా చేసి అమ్మారు. లైసెన్సుల కంచె లోపల పోటీ లేదు కాబట్టి మార్చవలసిన అవసరం చాలాకాలం రాలేదు. ఉత్తరపరా కార్ఖానా ఆగిపోయి కార్మికులు వీధిన పడ్డాక, 2017లో ఒక్క పేరును మాత్రం ఫ్రెంచి ప్యూజో కంపెనీకి 80 కోట్లకు అమ్ముకున్నారు. ఇన్ని వేల చేతులు చేసిన బండిలో చివరకు ధర పలికింది పేరు!

ఆ బండి శ్రీరాంపూర్‌లో ఆఫీసర్లకు నిత్యం. బాయిపనికి సైకిలు మీదా, కాలినడకనా పోయి, తట్టలతో బొగ్గు ఎత్తి టబ్బులు నింపిన కార్మికునికి అది నిత్యం కాదు; బతుకులో రెండు మూడు రోజులు. పెండ్లినాడు అద్దెకు తెచ్చినది, ప్రమాదం జరిగిన రాత్రి ఆసుపత్రికి పరుగెత్తినది. అందుకే పాత అంబాసిడర్‌ను చూసి రిటైరైన కార్మికుడు మురిసిపోడు, కొంచెంసేపు మౌనంగా వుంటాడు. కుర్రవాళ్ళు ఆ మౌనాన్ని కూడా ముచ్చటగానే లెక్కేస్తారు.

కార్మికుని ఇంటి ముందుకు కారు వచ్చింది మారుతీ 800తో, అదీ చాలావరకు సెకండ్‌హాండుగా. 1983 డిసెంబరులో పుట్టి 2014 జనవరిలో ఆగిపోయిన ఆ చిన్న కారు బాయి మనిషి చేతికి వచ్చిన కాలం ఎట్లాంటిదో మరవకూడదు. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు నలభై వేల చుట్టూ వున్నది. తట్ట పోయి యంత్రం వచ్చింది, స్వచ్ఛంద విరమణలు వచ్చాయి, ఓపెన్‌కాస్టు వచ్చింది. మిగిలిన పర్మినెంటువాళ్ళ జీతం పెరిగి కారు కొన్నారు. అదే గనిలో కాంట్రాక్టు కింద పనిచేసేవాళ్ళు ఆటోలో ఇరుక్కుని షిఫ్టుకు పోతున్నారు. మారుతీ ఫోటోలో ఇదంతా వుంటుందా? వుండదు. ఫోటో తీసినవాడు తెలుసుకుని రాస్తేనే వుంటుంది.

ఇక అసలు చిక్కు. ఈ ముచ్చటగాళ్ళకు ఒక పట్టింపు వుంది, బండి 'ఒరిజినల్'గా వుండాలని. రంగు కంపెనీదేనా, బంపరు మార్చారా, ఇంజను అదేనా అని చూస్తారు. అతుకులు కనబడితే పెదవి విరిచి పక్కదానికి పోతారు. ఇదేదో కుర్రతనపు చాదస్తం అనుకునేరు. ప్రభుత్వ శాసనమే అట్లా వున్నది. 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటి, మొదటి రూపు చెడకుండా, పెద్ద మార్పులేవీ జరగకుండా వున్న కారు 'వింటేజి'. దానికి వేరే నెంబరు, వేరే గౌరవం. కొత్తగా నమోదుకు రుసుము 20,000 రూపాయలు. ప్రదర్శనకు, ర్యాలీకి తప్ప దానిని మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. అంటే పని చేయకుండా కూర్చున్న బండి వారసత్వ సంపద. పదిహేనేళ్ళు దాటి పని చేస్తూనే వున్న బండికి మాత్రం అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషను మళ్ళీ చేయించుకోవాలి. ఆ రుసుమును 2022 ఏప్రిల్‌లో 600 నుండి 5,000కు పెంచారు. కట్టలేనివానికి తుక్కు దుకాణం దారి.

యాభై ఏళ్ళు ఒక్క మార్పూ లేకుండా కారును ఎవరు వుంచుకోగలరు? షెడ్డూ, నౌకర్లూ, ఇంకో కారూ వున్నవాడే. అంబాసిడర్‌తో పొట్టపోసుకునేవాడు పెట్రోలు ధర పెరిగినప్పుడు ఇంజను పీకించి డీజిలు ఇంజను వేయించాడు. మారుతీవాడు డిక్కీలో గ్యాసు సిలిండరు పెట్టించాడు. గుద్దుకున్న డోరు పోతే తుక్కులో దొరికిన వేరే బండి డోరు బిగించారు. నేల రేకు తుప్పుకు కరిగిపోతే కొత్త రేకు వెల్డింగు చేశారు. ఆ అతుకులే ఆ బండిని ఇన్నేళ్ళు బతికించాయి. వాటి మూలంగానే అది వారసత్వం కాకుండా పోయింది.

'మిలిందపన్హా'లో నాగసేన భిక్షువు మినాండరు రాజును రథం గురించి అడుగుతాడు. ఇరుసు రథమా? చక్రాలు రథమా? కాడి రథమా? ఏదీ కాదు; ఇవన్నీ కూడినప్పుడు మనం పెట్టుకున్న వాడుక పేరు రథమని తేలుతుంది. ధూళికట్ట స్తూపం వున్న ఈ సీమకు ఆ మాట పరాయిది కాదు. విడిభాగాలకు అతీతంగా 'అసలు కారు' అనే ఆత్మ ఒకటి వుందని నమ్మేవాళ్ళకు నాగసేనుడు ఆనాడే జవాబు చెప్పాడు. అయితే రాజూ భిక్షువూ ఇద్దరూ అడగని ప్రశ్న ఒకటి మిగిలింది: ఆ భాగాలను కూడగట్టింది ఎవరు? ఇరుసు విరిగినప్పుడు మార్చింది ఎవరు? ఇనుము తుప్పు పడుతుందనీ, దానిని ఆ చావునిద్ర నుండి లేపేది జీవశ్రమేననీ మార్క్సు 'పెట్టుబడి'లో చెప్పినది శ్రీరాంపూర్ షెడ్డులో కంటికి కనబడుతుంది. కార్ఖానాలో ఒకనాడు పెట్టిన శ్రమ కంటే, తరువాత ముప్ఫై ఏళ్ళు చిల్లర చిల్లరగా మేస్త్రీలు పెట్టిన శ్రమే ఆ కారులో ఎక్కువ. దానిని చెరుపుకుని చూసే కన్ను, ఎంత ప్రేమగా చూసినా, షోరూము కన్నే.

పొగ సంగతి ఏమిటని మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. పాత ఇంజను పొగ చెడ్డదే, ఎయిర్‌బ్యాగు లేని కారు ప్రమాదకరమే. ముచ్చట కోసం ఎవరి ఊపిరితిత్తులూ పాడుచేయనక్కర లేదు. ముంబయిలో పద్మిని టాక్సీలు 2023 అక్టోబరుతో ఆగిపోయినప్పుడు జనం కన్నీళ్ళు పెట్టుకున్నారు గాని, రోజంతా వాటిలో కూర్చున్న డ్రైవరు నడుమునొప్పి సంగతి కొందరికే తట్టింది. నా తగాదా కొలతతో. ఢిల్లీలో 2015 నాటి గ్రీన్ ట్రైబ్యునల్ ఉత్తర్వు డీజిలుకు పదేళ్ళు, పెట్రోలుకు పదిహేనేళ్ళు అని వయసు గీత గీసింది. వయసును కొలవడం సులువు. పొగను కొలవాలంటే బండి బండినీ పరీక్షించాలి. సులువైన కొలతకు మూల్యం ఎప్పుడూ సెకండ్‌హాండు కొన్నవాడే చెల్లిస్తాడు.

రఘుబీర్ సింగ్ అనే ఛాయాగ్రాహకుడు అంబాసిడర్‌ను తన చిత్రాల్లో పెట్టాడు. ఆయన మరణానంతరం 2002లో వచ్చిన 'ఎ వే ఇంటు ఇండియా' అంతా ఆ కారు చుట్టూ, ఎక్కువగా దాని లోపలి నుండి చూసినదే. తలుపు చట్రంలో, అద్దంలో, కిటికీలో దేశం కనబడుతుంది. కారు బొమ్మ తీయడమంటే కారునే తీయడం కానక్కర లేదని మా కుర్రవాళ్ళు అక్కడ నేర్చుకోవచ్చు.

నేర్చుకోవలసినది ఇంకొకటుంది, అది ఏ పుస్తకంలోనూ దొరకదు. చెట్టు కింది కారుకు ఓనరు వుంటాడు. ఫోను పైకెత్తగానే ఇంట్లోంచి వచ్చి, "ఫోటో ఎందుకు సార్, కొంటరా?" అని అడుగుతాడు. కొనమంటే అతని ముఖం వాడిపోతుంది. చూసేవానికి అరుదైన నిధి, వున్నవానికి అమ్ముడుపోని బరువు. పైగా ఆర్‌సి గడువు తీరి వుండొచ్చు. ఫోటోలో నెంబరు చూసి ఎవరన్నా పట్టుకుంటే జరిమానా ఆయనకే. పలక కప్పేసి తీస్తే చరిత్ర పోతుందని మా విద్యార్థుల వాదన. చరిత్ర నిజమే, ఏపీ-1 మళ్ళీ పుట్టదు. కాని ఆ ఆర్‌సి ఆయనది, ఆ బండి మీద ఇంకా బతుకుతున్నది ఆయన. ముందుగా పిలిచి అడగాలి: ఈ డోరు ఏ బండిది బాబాయ్, ఈ రేకు ఎవరు అతికారు, పలక కనబడొచ్చా అని. పలక వద్దంటే అది లేకుండా తీసుకోవాలి. అసలే వద్దంటే కాసేపు కూర్చుని, బండి ఎక్కడెక్కడ తిరిగిందో విని రావాలి.