మూలాధారమునకు మైల గలదా?

దసరా తొమ్మిది దినములును ప్రొద్దుటూరి వీథులన్నియు అమ్మవారిశాలకే దారితీయుచుండగా, ఆ శాలకు పిలుపుదూరమున కాపురముండు మా చిన్నమ్మ, మూడవ కాన్పు తరువాత ఏండ్లకేండ్లు ఆ గడప త్రొక్కక, ఇంటి దేవునిగూటిలోనే దీపము పెట్టి ఊరకుండెడిది. అందరితో మోకాళ్ల నొప్పియని చెప్పినది, నాతో మాత్రము ఒకనాడు గొంతు తగ్గించి, “దగ్గినా తుమ్మినా చీర తడుస్తాది పాపా. ఆ మైలతో అమ్మోరి ముందర ఎట్ల నిలబడేది?” అనెను.

కాన్పు స్త్రీకి పునర్జన్మమని నోరార పొగడు మనము, ఆ జన్మమెత్తిన దేహమునకు కలిగిన లోపమును పలుకరాని మైలగా చేసితిమి. రోగము అశుచి యెట్లగును? ఆతురులకు నియమములు సడలింపవచ్చునని ధర్మశాస్త్రములే ఒప్పుకొనినవి. సూతిక ఉదరమునకు స్నేహము పూసి పెద్దవస్త్రము చుట్టుమని చరకసంహిత విధించినది. మన అవ్వలు బాలింత నడుమునకు గుడ్డ బిగించుటయు ఆ శ్రద్ధయే. కాని అడుగున పట్టియుంచవలసిన కండరములకు గుడ్డ యేమి చేయగలదు? జఘనాస్థి మొదలు తోకయెముక వరకు ఊయెలవలె పరచుకొని, మూత్రాశయ గర్భాశయ మలాశయములను మోయు ఆ కండరములు నెలలు నిండిన బరువునకు సాగి, ప్రసవమున మరింత సాగి, ఒక్కొక్కప్పుడు చిరిగి బలము కోల్పోవును. మూత్రమును, అపానవాయువును ఆపుకొనునట్లు వానిని పైకి లాగి, ఊపిరి బిగబట్టక కొన్ని లెక్కలు నిలిపి, పిమ్మట పూర్తిగా వదలుటను దినమునకు మూడు పూటలు, కనీసము మూడు మాసములు సాధించినచో పెక్కుమందికి గుణము కనిపించును. గర్భిణిగా నున్నప్పుడే మొదలిడుట మరియు మేలు. ఆర్నాల్డ్ కెగెల్ అను అమెరికా వైద్యుడు 1948లో దీనిని వైద్యలోకమునకు చాటెను. కొందరికి ఆ కండ బిగుసుకొనియుండును; వారికి సడలించుటయే చికిత్స గనుక, ఫిజియోథెరపిస్టుచే పరీక్ష చేయించుకొనుట అవసరము.

హఠయోగప్రదీపికలోని మూలబంధమును ఈ కండర సాధన తలపించును. రెండును ఒకటేయని నేననను. యోగి అపానమును ఊర్ధ్వముఖము చేయగోరును, బాలింత తుమ్మినపుడు తడవకుండుటను కోరును. చోటు మాత్రమొక్కటే. మూలాధారమను ఆ చోట యోగికి గణపతి కొలువున్నాడని నమ్ము మనము, తల్లికి మైల యున్నదనుట ఏమి న్యాయము?

మన జిల్లాలోనే పుట్టిన కక్కయ్య కథ నన్నెన్నడును వదలదు. కందిమల్లాయపల్లెలో వీరబ్రహ్మేంద్రస్వామి శిష్యుడైన సిద్దయ్యకు దేహములోని షట్చక్రములను, అందలి దేవతలను ఉపదేశించుచుండగా విన్న కక్కయ్య, ఇంటికేగి భార్య దేహమును చీల్చి వెదకెనట. ఏమియు కానరాక స్వామిని నిలదీయగా, స్వామి ఆమెను బ్రతికించెనట. కత్తితో వెదకినవాడు ఆమెనొక్కమాట అడిగియుండలేదు. ఈ చికిత్సకు మొదటి మెట్టు ఆ అడుగుటయే: ఎప్పుడు తడియుచున్నది, ఎక్కడ బరువుగా నున్నది, లాగినపుడు తెలియుచున్నదా?

జమ్మలమడుగున లండన్ మిషనువారి కాంబెల్ ఆసుపత్రి వెలసిన నాటికి తల్లియు బిడ్డయు బ్రతికి బయటపడుటయే వరము. నేడు అంతటితో తృప్తిపడరాదు. పులివెందుల చీనీతోటలో గంపనెత్తు బాలింతకు, ఎత్తినప్పుడెల్ల కడుపులోని ఒత్తిడి ఆ అలసిన కండలపైననే పడుచుండగా, ఓర్చుకొనుటే నీ తపస్సని బోధించుటకు నాకు నోరు రాదు. తపస్సు తాను వరించినది కావలయును.

ఇంతయు నేను చెప్పగా విని, చిన్నమ్మ చాటలోని బియ్యమును ప్రక్కకు నెట్టి, చాలసేపు ఊరకుండి, “అయితే దీన్ని దేవుని గూటి ముందర కూర్చొని చేయొచ్చునా?” అని అడిగెను. అచ్చటనే చేయుమంటిని.