డ్రైవులో ఉన్నది జ్ఞాపకమేనా?

పాత ల్యాప్‌టాప్ అడుగు మూత విప్పితే రెండున్నర అంగుళాల హార్డ్ డిస్కుకు ప్రత్యేకంగా ఒక అర కనిపించేది. ఇప్పటి వాటిలో చాలావరకు ఆ అరే లేదు. మదర్‌బోర్డు మీది సన్నని సాకెట్‌లోకి ఏటవాలుగా దూర్చి, అవతలి కొసను ఒక్క స్క్రూతో బిగించిన ఎం.2 డ్రైవు ఉంటుంది. ఎక్కువగా వాడే రకం వెడల్పు 22 మిల్లీమీటర్లు, పొడవు 80. బి.కొత్తకోట నుంచి బెంగళూరుకు ఉద్యోగానికి వెళ్లిన మనిషి ఇంటి పెళ్లి ఫొటోలు, అవ్వ గొంతు, హార్స్‌లీ కొండ మీద తీసిన వీడియోలు అన్నీ ఆ పట్టీలో ఇమిడిపోతాయి. ఇంత చిన్న చోట ఇంత పడుతున్నప్పుడు ఇక మరుపు భయం లేదని చాలామంది ధీమాగా ఉన్నారు. ఆ ధీమా సరైనది కాదు. డ్రైవు దాస్తుంది, అంతే. జ్ఞాపకం పెట్టుకోవడం మనిషి మాత్రమే చేయగల పని.

ఈ తేడాను మన తార్కికులు ఎప్పుడో పట్టుకున్నారు. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దపు తర్కసంగ్రహంలో, సంస్కారం నుంచి మాత్రమే పుట్టే జ్ఞానమే స్మృతి అంటాడు. అనుభవం ఆత్మలో వదిలిన ముద్ర సంస్కారం. ఒక వాసనో ఒక మాటో దాన్ని మేల్కొలిపినప్పుడే అది స్మృతి అవుతుంది. డ్రైవులో ఉన్నది సూక్ష్మమైన గడుల్లో చిక్కుకున్న విద్యుదావేశం. డ్రైవు దేన్నీ అనుభవించలేదు కనుక దాన్ని సంస్కారమని కూడా అనలేం. ఫలానా రోజు ఫొటో ఇదిగో అని ఫోనే గుర్తు చేస్తోంది కదా అనవచ్చు. నిజమే, కానీ అది మేల్కొలుపు మాత్రమే. మేల్కొనడానికి చూసేవాడిలో ముద్ర ఉండాలి. అవ్వను ఎరగని మునిమనవడు ఆమె గొంతు వింటే అతడికి కలిగేది కొత్త అనుభవం. ఆమె ఎవరో పక్కన కూర్చుని చెప్పేవాళ్లు లేకపోతే, అదొక ముసలామె మాట.

దాచడం ఒక్కటే చాలదనడానికి ఈ రాయలసీమలోనే పెద్ద సాక్ష్యం ఉంది. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలను ఆయన వంశీకులు రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలోని భాండారంలో భద్రపరిచారు. అంతకంటే గట్టి నిల్వ ఆ కాలంలో లేదు. అయినా ఆ రేకులు శతాబ్దాల తరబడి ఎవరికీ పట్టకుండా పడి ఉండి, 20వ శతాబ్దంలో గానీ పండితుల చేతికి రాలేదు. మాట దక్కింది, రాగం పేరు దక్కింది. పాడే గొంతులు తెగిపోవడంతో అసలు వరసలు మాత్రం చాలావరకు పోయాయి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు మళ్లీ స్వరపరిస్తే తప్ప అవి పాటలు కాలేదు.

ఆ రేకులే లేకుంటే స్వరపరచడానికి మాటైనా మిగిలేదా అని ఎవరైనా అడిగితే, అది న్యాయమైన ప్రశ్నే. నిల్వ అక్కర్లేదని నా వాదన కాదు. నిల్వకూ మనిషి ఆసరా కావాలన్నదే నా మాట. రాగిరేకు శతాబ్దాల పాటు ఓపిక పట్టింది, ఈ డ్రైవు పట్టీకి ఆ ఓపిక లేదు. డేటా రాయగల పరిమితి ముగిసిన ఇలాంటి మామూలు డ్రైవు (ఎస్ఎస్‌డీ) కరెంటు లేకుండా 30 డిగ్రీల వేడిలో ఒక ఏడాది డేటా నిలపాలన్నదే చిప్‌ల పరిశ్రమ ప్రమాణాల సంస్థ జెడెక్ పెట్టిన ప్రమాణం. వేడి పెరిగితే ఆవేశం ఇంకా త్వరగా కారిపోతుంది. మదనపల్లె వైపు వేసవి మధ్యాహ్నాలు ఆ 30ని సులువుగా దాటతాయి. బీరువాలో పెట్టి మరిచిన డ్రైవు తనలో ఉన్నదాన్ని తానే పోగొట్టుకోగలదు.

జ్ఞాపకం విలువనే ప్రశ్నించే ఇంతకంటే లోతైన ఆక్షేపణ 1895లో మదనపల్లెలో పుట్టిన తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి బోధ నుంచి వస్తుంది. గతాన్ని మోసుకు తిరిగే మనసు ఉన్నదాన్ని ఉన్నట్టు చూడలేదని ఆయన జీవితమంతా చెప్పారు. అలాంటప్పుడు జ్ఞాపకం కోసం ఇంత ఆరాటం ఎందుకు? అయితే దారి తెలియడానికీ, భాష మాట్లాడడానికీ, పని నేర్వడానికీ జ్ఞాపకం కావాలని ఆయనే ఒప్పుకున్నారు. పాత గాయాలనూ పొగడ్తలనూ పోగేసి వాటినే 'నేను' అనుకోవడాన్ని ఆయన కాదన్నారు. 1929లో తన కోసం నడుస్తున్న ఆర్డర్ ఆఫ్ ది స్టార్ సంస్థను రద్దు చేసిన ఆయన, తన ప్రసంగాల రికార్డింగును మాత్రం ఆపలేదు. ఆ రికార్డింగులు ఉన్నంత మాత్రాన ఆయన చెప్పింది మనకు అర్థమైనట్టు కాదు. వినేవాడు తన మనసును తాను చూసుకోవాలి. నిజానికి చూడకుండా వేల ఫొటోలు పోగేయడమే ఆయన చెప్పిన మోత. ఒక్క ఫొటోను శ్రద్ధగా చూడడం మోత కాదు.

అందుకని కొత్త డ్రైవు కొనేముందు పాతదాన్ని తెరవండి. పెద్దవాళ్లు ఇంకా ఉండగానే పక్కన కూర్చోబెట్టుకుని ఎవరు ఎవరో, ఏ ఊరో, ఏ సందర్భమో అడిగి రాసుకోండి. అవ్వ పాట ఉంటే పిల్లలకు వినిపించి వదిలేయకుండా, పాడడం నేర్పించండి.