సుఖమే పరమార్థమా?

సుఖమే మానవజీవితమునకు పరమార్థమని చెప్పువారు సకల దేశములందును గలరు. గ్రీసు దేశమున ఈ మతమును మిక్కిలి శ్రద్ధతో విచారించినవాడు ఎపిక్యూరసు (క్రీ. పూ. 341–270). ఇతని పేరు వినినతోడనే భోగలాలసత్వము స్మరణకు వచ్చుట లోకమునకు అలవాటైనది. అది అన్యాయము. ఏథెన్సు నగరమున తన తోటలో శిష్యులతో గూడి యతడు గడపిన జీవితము మితాహారముతో గూడినది. ఆ తోటలోనికి స్త్రీలకును దాసులకును సయితము ప్రవేశముండెను. దేహమునకు బాధయు, మనస్సునకు కలతయు లేకుండుటయే పరమసుఖమని యతని బోధ. కావున ఈ మతమును దాని యుత్తమరూపముననే పరీక్షింపవలయును.

మరణముతో సర్వానుభవమును నశించును గనుక పిదప మనకు సుఖమును లేదు, దుఃఖమును లేదు అని యతడు బోధించెను. అట్టివాడు తన యంత్యదినమున మూత్రకృచ్ఛ్రముచే దుస్సహమైన బాధ ననుభవించుచు, ఒక మిత్రునికి వ్రాసిన లేఖలో, తనకంటె ముందే గతించిన మెట్రొడోరసను స్నేహితుని బిడ్డలను కాపాడుమని కోరెను. మరణశాసనమునందును వారి పోషణకు ఏర్పాటు గావించెను.

ఇచ్చట మేమొక ప్రశ్న నడుగుచున్నాము. ఆ బిడ్డల వృద్ధిని చూచి యానందించుటకు తానుండడని యతనికి నిశ్చయముగా తెలియును. మరి యెవరి సుఖముకొరకు ఆ లేఖ వ్రాసెను?

వ్రాయునప్పుడు కలిగిన మనశ్శాంతియే యతని సుఖమని సుఖవాదులు చెప్పవచ్చును. శాంతి కలిగినమాట నిజమే కావచ్చును. కాని యది యేల కలిగెను? బిడ్డలయందు ప్రేమ ముందుగా నుండుటచేతనే గదా! ప్రేమ లేనివానికి ఆ లేఖ వ్రాయుట శ్రమయే గాని సుఖము గాదు. కాబట్టి ప్రేమ మూలము, సుఖము దాని ఫలము. కఠోపనిషత్తు శ్రేయస్సును ప్రేయస్సును విడదీసి చెప్పుటలోని యంతరార్థము నిదియే యని తలంతుము. సుఖము దోషమని మా యభిప్రాయము గాదు. దేహమును శోషింపజేయుటయే ధర్మమనువారిని మేము మెచ్చము. సత్కార్యమునకు సుఖము తోడు రావచ్చును గాని దానికి యజమాని కారాదు.

ఈ విచారము గ్రంథములకు మాత్రమే చెందినది గాదు. పరోపకారమునకు పూనుకొన్న మనలో ననేకులము ఉత్సాహముతో పాఠశాలను స్థాపింతుము. మెప్పు తగ్గి యుల్లాసము చల్లారిన నాడు దాని తలుపులు మూయుదుము. అంతవరకు మనము సేవించినది ఆ బాలురనా, మన సంతోషమునా? ఎవరి యంతరాత్మకు వారే బదులు చెప్పుకొనవలయును. సుఖవాదియని పేరొందిన యా వృద్ధుడు ప్రాణము పోవువేళ సయితము పరుల బిడ్డలను మరువలేదు. సుఖముకంటె ధర్మమే గొప్పదని వాదించు మనము, ఆపాటి ప్రేమనైనను కలిగియున్నామా?