రెయిన్ చెక్: వాన మిగిల్చిన బాకీ

అమెరికాలో ఎవరినైనా భోజనానికో కాఫీకో పిలిస్తే తరచుగా వినిపించే జవాబు ‘ఐ విల్ టేక్ ఎ రెయిన్ చెక్’. ఇవాళ వీలుపడదు, పిలుపు మాత్రం నా పేరున ఉంచండి, మరోసారి తప్పక వస్తాను అని దాని భావం. బ్యాంకు చెక్కుతో దీనికి సంబంధం లేదు. ఇక్కడ చెక్ అంటే చీటీ.

ఆ చీటీ పుట్టింది బేస్‌బాల్ మైదానాల్లో, 1880ల్లో. వాన పడి ఆట ఆగిపోతే, టికెట్టు కొన్నవాళ్లు మరోరోజు ఆట చూసేందుకు నిర్వాహకులు ఒక చీటీ ఇచ్చేవారు. తర్వాత అది టికెట్టులోనే ఒక భాగమైంది. సాధారణంగా 5 ఇన్నింగ్స్ పూర్తయితే ఆట లెక్కలోకి వచ్చినట్టే. ఆపైన వాన వచ్చినా చీటీ చెల్లదు. తర్వాత దుకాణాలూ ఈ మాటను అందుకున్నాయి. తగ్గింపు ధరకు ఇస్తామన్న సరుకు అయిపోతే, మళ్లీ వచ్చాక అదే ధరకు ఇస్తామని రాసిచ్చే కాగితమూ రెయిన్ చెక్కే.

మైదానంలోనూ దుకాణంలోనూ బాకీ చీటీ ఇచ్చినవారిది. సంభాషణలోకి వచ్చేసరికి ఆ బాకీ చేతులు మారింది. పిలిచినవారు మళ్లీ పిలవవచ్చు గానీ, వాయిదా కోరినవారే ‘వచ్చే శనివారం కుదురుతుందా’ అని ముందుగా అడగడం మర్యాద. అలా అడగకుండా వదిలేస్తే అది ఉత్త తప్పించుకోవడమే అవుతుంది. తెలుగువారికి ఈ భావం కొత్తదేమీ కాదు. గుమ్మం దాటుతూ ‘వెళ్తాను’ అనకుండా ‘వెళ్లొస్తాను’ అనే అలవాటులో ఉన్నదీ తిరిగి వస్తామన్న మాటే.

తేడా బలవంతపెట్టడం దగ్గర వస్తుంది. తెలుగింట్లో మొదటిసారి వద్దంటే మొహమాటం అనుకుంటారు. రెండోసారి, మూడోసారి అడగడమే ఆప్యాయత. రెయిన్ చెక్ అన్నాక అమెరికన్లు సాధారణంగా అక్కడితో ఆపేస్తారు. ఆ ఆగడాన్ని నిరాదరణగా తీసుకోనక్కర్లేదు. అలాగే, ఆ మాట అన్న పొరుగువారిని ‘లేదు, రావాల్సిందే’ అని బలవంతపెడితే వారు ఇబ్బంది పడతారు.

వాడుకలో కొన్ని పట్టింపులున్నాయి. రెయిన్ చెక్ ‘తీసుకుంటారు’, ‘ఇస్తారు’; ‘చేస్తాను’ అని మాత్రం అనరు. సరిచూసుకుంటానని చెప్పడానికి ఇది అసలే పనికిరాదు. మళ్లీ జరగగలిగిన వాటికే ఇది నప్పుతుంది: భోజనం, సినిమా, సాయంత్రపు నడక. పెళ్లికీ గృహప్రవేశానికీ ఈ మాట చెల్లదు, ఆ ముహూర్తం మళ్లీ రాదు గనక. అక్కడ రాలేకపోతున్నందుకు విచారం చెప్పి, శుభాకాంక్షలు తెలిపి, వీలైతే తర్వాత ఇంటికి వెళ్లి కలవాలి. ఆఫీసు సమావేశం వాయిదా వేయడానికి కూడా నేరుగా మరో తేదీ అడగడమే మేలు. అమెరికా, కెనడాల్లో ఇది అందరికీ తెలిసిన మాట. బ్రిటన్‌లో వాడుక తక్కువ, అక్కడ ‘అనదర్ టైమ్’ అంటే సరిపోతుంది.