అడగలేదు గనుక చెప్పలేదు



అబద్ధమాడటం తప్పని మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మరి ఎవరూ అడగని నిజాన్ని చెప్పకుండా ఊరుకుంటే? అదీ తప్పేనా? ఈ మధ్య అరచేతిలో పట్టే ఒక లోహపు డబ్బా నన్ను ఈ ప్రశ్న అడిగింది.

మా గాయక బృందంలో బేస్ గిటార్ వాయించే కుర్రవాడొకడున్నాడు. ఇల్లు హిమాయత్‌నగర్‌లో. గిటారుకూ యాంప్లిఫయరుకూ నడుమ, కాలితో నొక్కే పెడల్ ఒకటి పెట్టుకుంటాడు. 9 వోల్టుల బ్యాటరీతో నడిచే ఆ పెడల్ బేస్ స్వరానికి నిండుదనం ఇస్తుంది. కొంతకాలంగా దాని వాల్యూమ్ నాబ్ తిప్పినప్పుడల్లా బరబరమని చప్పుడు. ఒక్కొక్కసారి స్వరమే మాయం.

పరీక్ష ఫీజు కట్టవలసిన రోజులు వచ్చాయి. పెడల్ అమ్మేద్దామనుకున్నాడు. అశోక్‌నగర్‌లో ఇంటర్ చదివే పిల్లవాడొకడు కొంటానన్నాడు.

"ఫాదర్, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి నాలుగుసార్లు తిప్పితే చప్పుడు పోతుంది. వారం దాకా మళ్లీ రాదు. ఆ లోపల అమ్మేస్తాను. అబద్ధమేమీ ఆడను. అడిగితే చెబుతాను, అడగకపోతే లేదు" అన్నాడు.

నా దగ్గరకొచ్చి ఈ సంగతి చెప్పాడంటేనే వాడి మనస్సాక్షి ఊరుకోలేదన్నమాట.

నాబ్ కింద ఉండే భాగం పేరు పొటెన్షియోమీటర్. మెకానిక్కులు 'పాట్' అంటారు. లోపల గుర్రపు నాడా ఆకారంలో కార్బన్ పూత ఉంటుంది. నాబ్ తిప్పితే ఒక చిన్న లోహపు నాలుక ఆ పూత మీద జరుగుతుంది. అది ఆగిన చోటును బట్టి స్వరం పెరుగుతుంది, తగ్గుతుంది. దుమ్ము చేరి చప్పుడు వస్తే క్లీనర్‌తో పోతుంది. పూతే అరిగిపోతే మాత్రం క్లీనర్ దాన్ని తిరిగి పూయలేదు. కొద్ది రోజులు కప్పిపెడుతుంది, అంతే. మన కుర్రవాడు అప్పటికే రెండుసార్లు క్లీనర్ కొట్టి చూశాడు. రెండుసార్లూ చప్పుడు తిరిగి వచ్చింది.

ఈ వాదన పాతదే. క్రీ.పూ. 44లో రోమా తత్త్వవేత్త సిసెరో కర్తవ్యాల గురించి తన కుమారునికి రాసిన గ్రంథంలో ఒక ఇంటి అమ్మకం ప్రస్తావన ఉంది. ఆ ఇల్లు ఆరోగ్యానికి మంచిది కాదని యజమానికి తప్ప మరెవరికీ తెలియదు. చెప్పాలా, వద్దా? చెప్పకపోవడం వేరు, మోసగించడం వేరని డయోజెనీసు పక్షం. తోటి మనిషికి అవసరమైన నిజాన్ని లాభం కోసం దాచడం అన్యాయమని ఆయన శిష్యుడు ఆంటిపేటరు పక్షం. సిసెరో శిష్యుని వైపే మొగ్గాడు.

13వ శతాబ్దంలో పునీత తోమాసు అక్వీనాసు తన దైవశాస్త్ర సంగ్రహంలో, క్రయవిక్రయాల గురించి రాసినచోట దీన్ని ఇంకా విడమరచి చెప్పారు. ఒంటికన్ను గుర్రాన్ని అమ్మేవాడు ఆ కన్ను సంగతి చాటి చెప్పనక్కరలేదు, అది కనబడుతూనే ఉంది, తగినట్టు ధర తగ్గిస్తే చాలు. కాని లోపం దాగి ఉండి, కొన్నవాడికి నష్టమో ప్రమాదమో తెచ్చేదైతే అమ్మేవాడు చెప్పి తీరాలి.

ఇప్పుడు మన పెడల్ దగ్గరకు రండి. దాని లోపం దాగిలేదు. బరబరమని తనంతట తానే చెప్పుకుంటున్నది. క్లీనర్ కొట్టి అమ్మడమంటే ఆ నోరు నొక్కడమే గదా! అప్పుడది కనబడే లోపాన్ని కనబడకుండా చేయడం అవుతుంది. 'అడగలేదు గనుక చెప్పలేదు' అనే మాట ఇక్కడ నిలవదు. అడగడానికి కొనేవాడికి ఉన్న ఒక్క ఆధారాన్నీ మనమే తీసేశాం గనుక.

"మరి నా ఫీజు?" అని మీరూ అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని ఆ పిల్లవాడి డబ్బు ట్యూషన్లు చెప్పి కూడబెట్టుకున్నది. మన ఇబ్బందిని చడీచప్పుడు లేకుండా మరొకరి నెత్తిన పెడితే ఇబ్బంది తీరదు, చేతులు మారుతుంది.

కుర్రవాడు ఆలోచించాడు. బ్యాటరీ తీసి పెడల్ విప్పాడు. పాట్ మీది అంకె, అక్షరం రాసుకున్నాడు. అంకె నిరోధం ఎంతో చెబుతుంది, అక్షరం ఆ నిరోధం ఏ తీరున పెరుగుతుందో చెబుతుంది. రెండూ కలవకపోతే నాబ్ సరిగా పలకదు. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి అదే రకం తెచ్చాడు. ఖరీదు రెండు ఇరానీ చాయ్‌లకు మించలేదు. పాతదాని టంకం కరిగించి తీసి, మల్టీమీటరుతో చూస్తే తిప్పుతుంటే అంకెలు ఎగిరెగిరి పడ్డాయి. కొత్తదానిలో నిలకడగా పెరిగాయి. మూడు కాళ్లకూ టంకం వేసి మూత బిగించాడు.

అమ్మేటప్పుడు, పాట్ పోతే మార్చానని చెప్పాడు. బాగుచేసిన లోపం ఎవరికీ నష్టం తేదు గనుక న్యాయం దృష్ట్యా చెప్పనక్కరలేదేమోనని నా అభిప్రాయం. అయినా చెప్పాడు. ఆ పిల్లవాడు వంద రూపాయలు తగ్గించమన్నాడు. తగ్గించాడు. నిజానికి కొంత ఖరీదు ఉంటుంది మరి! ఆ లోటు ఇంట్లో సర్దుకున్నారు.

ప్రియమైన తల్లిదండ్రులారా, ఇది పెడల్‌తో ఆగే సంగతి కాదు. వేసవిలో ఎండే బోరు సంగతి చెప్పకుండా వర్షాకాలంలో ఇల్లు అమ్ముతాం. పెండ్లి సంబంధం కుదిరేదాకా జబ్బు సంగతి, తాగుడు సంగతి దాస్తాం. దాంపత్య జీవితాన్ని తీవ్రంగా దెబ్బతీసే విషయంలో, సమ్మతి రాబట్టడానికే మోసగిస్తే ఆ వివాహం చెల్లదని 1983 నాటి శ్రీసభ చట్టం 1098వ సూత్రం చెబుతున్నది. అక్కడ మల్టీమీటరు పెట్టి చూసే వీలు లేదు. మాట ఒక్కటే ఆధారం.

ఏది చెప్పాలి, ఏది అక్కరలేదు అని సందేహం వచ్చినప్పుడు ఇలా ప్రశ్నించుకోండి: "ఇది తెలిస్తే ఎదుటివారు వెనక్కి తగ్గుతారని భయపడుతున్నానా?" అవునని లోపలినుంచి జవాబు వస్తే, వారు అడిగేదాకా ఆగకండి. ముందే చెప్పండి.